కోయని పువ్వు

దూరపు కొండలు నునుపు అన్నారు. పిట్స్‌బర్గ్ చుట్టుపక్కల ఉన్న మనవాళ్ళలో నయాగరా చూడనివారు ఉండరు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడల్లా నాలుగు గంటలు కారు తోలి చూపించి వస్తూనే ఉంటాం. పెన్ హిల్స్ వెంకటేశ్వరాలయం నుంచి అలెఘనీ నది దాటితే అరగంట లోపే వచ్చే ఫాక్స్ చాపెల్ అడవిలో ఏప్రిల్ నెలాఖరున ఏం జరుగుతుందో మాత్రం చాలామందికి తెలియదు. ఆ దారి పేరు ట్రిల్లియం ట్రెయిల్. గొప్పగా చెప్పుకోవడానికి అక్కడ శిఖరమూ లేదు, జలపాతమూ లేదు. ఒక వాగు, దాని పక్కన ఏటవాలుగా అడవి. ఎంత నెమ్మదిగా నడిచినా పులిహోర పొట్లాం విప్పే వేళకి మళ్ళీ కారు దగ్గర ఉంటాం.

మనకి నడకంటే ఏదో ఒక ప్రయోజనం ఉండాలి. తిరుమల మెట్లెక్కితే మొక్కు తీరుతుంది, సింహాచలం చుట్టూ గిరిప్రదక్షిణ చేస్తే పుణ్యం వస్తుంది, డాక్టరు చెప్పినట్టు నడిస్తే చక్కెర అదుపులో ఉంటుంది. ఊరికే అడవిలో తిరిగి రావడమేమిటన్న సంకోచం మన రక్తంలోనే ఉంది. అలా ఊరికే తిరగడం వల్ల ఏమొస్తుందని అడిగేవారికి ఒక్క మాట. రేచల్ కార్సన్ 1907లో పుట్టిన స్ప్రింగ్‌డేల్ ఇదే నది ఒడ్డున, కాస్త ఎగువన ఉంది. పురుగుమందుల మీద 1962లో ‘సైలెంట్ స్ప్రింగ్’ రాసి దేశాన్నంతా కుదిపేసిన ఆవిడ అసలు చదువు తల్లి చెయ్యి పట్టుకుని ఇంటి పక్క అడవిలో తిరగడంతోనే మొదలైంది.

సరే, వెళ్ళాం. అక్కడ కనిపించినదాన్ని ఎలా అనుభవించాలన్నది నన్ను కొన్నాళ్ళుగా వేధిస్తున్న ప్రశ్న.

ఇక్కడి వసంతం మన చైత్రంలా మామిడి చిగురుతోనూ కోయిలతోనూ రాదు. బురదతో వస్తుంది. పై చెట్లు ఆకు తొడిగేలోపు, ఆ కొద్ది వారాలే నేలమీద ఎండ పడుతుంది. ఆ ఎండకోసం ఏడాదంతా కాచుకున్న చిన్నచిన్న మొక్కలు గబగబా లేచి పూస్తాయి. స్ప్రింగ్ బ్యూటీ, చేప ఒంటిమీది మచ్చలున్న ఆకుల ట్రౌట్ లిల్లీ, తుంచితే నెత్తురులాంటి రసం కారే బ్లడ్ రూట్. వీటన్నిటికీ రాణి తెల్ల ట్రిల్లియం. మూడే ఆకులు, వాటి నడుమ మూడే రేకులు. ముదిరేకొద్దీ తెలుపు గులాబి రంగుకి తిరుగుతుంది. విత్తనం నేలలో పడ్డాక మొదటి పువ్వు పూయడానికి ఏడేళ్ళయినా పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. పూసినా కాడకి ఒక్కటే పువ్వు, అదీ ఏడాదికి ఒక్కసారి.

ఆమధ్య మాతో వచ్చిన ఒక పిన్నిగారు దాన్ని చూడగానే, “అచ్చం మారేడు దళమేనర్రా! శివుడికి పెడదాం” అని వంగబోయారు. కోయకూడదండీ అన్నాం. “దేవుడి తలమీదికి ఎక్కని పువ్వు ఎందుకు పూసినట్టు?” అన్నారావిడ. దాని విత్తనానికి కొవ్వుముక్కలాంటిది అంటుకుని ఉంటుందనీ, దానికోసం చీమలు విత్తనాన్ని మోసుకుపోతాయనీ పిల్లలు చెప్పారు. “అయితే చీమ పట్టుకుపోతే ధర్మమూ, నేను పట్టుకుపోతే దొంగతనమూనా?”

అందరం నవ్వాం. కాని అది నవ్వి వదిలేసే ప్రశ్న కాదు.

కరుణశ్రీగారి ‘పుష్పవిలాపం’ ఉండనే ఉందిగా అంటారు మీరు. నిజమే, ఘంటసాల గొంతులో అది విని కళ్ళు తుడుచుకోని తెలుగువాడు లేడు. తుడుచుకుని మర్నాడు పొద్దున్నే పూలసజ్జ పట్టుకుని పక్కింటి నందివర్ధనం మీద పడనివాడూ లేడు. అందులో కపటం ఉందని నేననను. నందివర్ధనం రేపు మళ్ళీ పూస్తుంది, మందారం కోసినకొద్దీ పూస్తుంది. పైగా పొద్దున కోసిన చెయ్యే సాయంత్రం చెంబెడు నీళ్ళు పోస్తుంది. ఇచ్చిపుచ్చుకోవడం అక్కడ ఉంది. చీమ చేసేదీ అదే. తనకి కావలసిన ముక్క తిని, విత్తనాన్ని మట్టిలో వదిలిపెడుతుంది. ట్రిల్లియానికి మనం ఏ నీళ్ళూ పొయ్యలేదు. పువ్వుతోపాటు ఆ మూడాకులూ తెంపితే, వచ్చే ఏడుకి దుంపలో కూడబెట్టుకోవలసిన తిండి అక్కడితో ఆగిపోతుంది. కొన్నేళ్ళు పూయకపోవచ్చు, చచ్చిపోనూవచ్చు. పిన్నిగారి భక్తి ఒక్కటే, ఆ చెయ్యీ ఒక్కటే. నేల మారేసరికి చేసిన పనే వేరయింది. దేశకాలాలను బట్టి ఆచారం మారాలంటే మనందరం తలూపుతాం. చలికి మడిచీర మీద కోటు తొడుక్కోవడం వరకే ఆ తలూపు!

కోయకుండా చూసి రావడం తక్కువ అనుభవమేమీ కాదు. శాకుంతలంలో నాలుగో అంకం గుర్తు చేసుకోండి. అలంకారమంటే ఎంత ఇష్టమున్నా మీ చిగురు తుంచేది కాదని చెట్లతోనే చెబుతాడు కణ్వుడు. ఇష్టం లేక కాదు, ఇష్టం ఉండే. అయితే ఫొటోకోసం దారి దిగి నాలుగు మొలకలు తొక్కేవాళ్ళు కణ్వుడి పేరెత్తకూడదు. అదీ కోతే.

ఈ అడవిలో కోసేవాళ్ళ లెక్క మనుషులతో తీరదు. తోడేళ్ళూ ప్యూమాలూ ఈ రాష్ట్రంలో 19వ శతాబ్దంతోనే అయిపోయాయి. జింకలు పెరిగాయి. వాటికి ట్రిల్లియం పరమాన్నం. అవి ముట్టని మొక్క గార్లిక్ మస్టర్డ్, వెల్లుల్లి వాసన వేసే ఆకు. ఐరోపా నుంచి వలస వచ్చినవాళ్ళు వంటకోసం వెంట తెచ్చుకున్నది. ఇప్పుడు అడవి నేలంతా పరుచుకుంది. వలస వచ్చినదాన్ని పీకి పారెయ్యమంటే మనకి ఎక్కడో కాస్త గుచ్చుకుంటుంది కదూ? కాని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఈ దారిలోనే కొంత మేర కంచె కట్టి జింకల్ని ఆపి, ఏళ్ళ తరబడి మొక్కలు లెక్కపెట్టి 2014లో ప్రచురించారు. కంచె లోపల ట్రిల్లియం తేరుకుంది, గార్లిక్ మస్టర్డ్ తనంతట తనే తగ్గింది. అంటే నేరమంతా వలస మొక్కది కాదు. జాలిగా చూసే ఆ జింక కళ్ళకి మనం తీర్పు వదిలెయ్యలేం. ఇది నాకు ఇంకా మింగుడుపడడం లేదు.

పిన్నిగారికి మాత్రం చేతినిండా పని దొరికింది. కొన్ని పార్కుల్లో వసంతంలో ఆ వెల్లుల్లి ఆకు పీకడానికి మనుషుల్ని పిలుస్తారు. దానితో పచ్చడి చేస్తే చేదుగా, ఆవ ఘాటుతో ఉంటుందట. ఆవిడ మాట నమ్మవచ్చు.

వెళ్ళేవారు ఏప్రిల్ ఆఖరు, మే మొదటి వారం దాటనివ్వకండి. పట్టుచీరలూ చెప్పులూ పనికిరావు, పాత బూట్లు వేసుకోండి. దారిలో బురద వస్తే పక్కనించి తప్పుకోవద్దు, మధ్యలోంచే నడవండి. మొలకలుండేది ఆ పక్కనే.