ఉగ్రవాద విశ్లేషణ: లెక్క ఎవరిది?

“పోలీసుల చదువు నీకెందుకయ్యా?” అని ఈ మధ్య ఒక మిత్రుడు నన్ను నిలదీశాడు. నేను కళాశాలలో రాజనీతిశాస్త్రం బోధించేవాణ్ణి. యాభై దాటిన వయసులో, ఒక విదేశీ విశ్వవిద్యాలయం ఇంటర్నెట్టు ద్వారా నడిపే పోస్టుగ్రాడ్యుయేట్ కోర్సులో చేరాను. విషయం ఉగ్రవాద విశ్లేషణ. పాఠాలు తెల్లవారుజామున. సహాధ్యాయుల ముఖాలెరుగను, వారి వ్రాతల్ని బట్టి కొందరు పోలీసు అధికారులనీ, కొందరు బీమా కంపెనీల ఉద్యోగులనీ తెలిసింది. మిత్రుని ఆక్షేపణలో బలం లేకపోలేదు. రాజ్యం తన శత్రువుల్ని గుర్తించడానికి పెంచుకున్న విద్యలో, ప్రజాపక్షాన నిలవదలచినవాడికి పనేమిటి? ఇది నా ఒక్కడి సమస్య కాదు గనుక ఇక్కడ చర్చిస్తున్నాను.

ఈ రంగంలో విద్యార్థులు తరచు చేతపట్టే పనిముట్టు, మేరీల్యాండ్ విశ్వవిద్యాలయంలో తయారైన గ్లోబల్ టెర్రరిజం డేటాబేస్. 1970 నుంచి 2020 వరకు ప్రపంచంలో జరిగిన రెండు లక్షలకు పైగా సంఘటనలు అందులో వరుసలు కట్టి వున్నాయి: తేదీ, స్థలం, ఆయుధం, లక్ష్యం, మృతుల సంఖ్య. దీని పుట్టుక తెలుసుకోదగ్గది. 1970 నుంచి 1997 వరకు ఈ వివరాల్ని సేకరించి కార్డుల మీద వ్రాసినవారు పింకర్టన్ సంస్థ ఉద్యోగులు. ఏ దేశంలో ఎంత ప్రమాదమో తమ ఖాతాదారులకు చెప్పడం వారి వ్యాపారం. 1892లో హోమ్‌స్టెడ్ ఉక్కు కార్మికుల మీదికి యజమానులు తుపాకులతో దింపింది ఈ పింకర్టన్ మనుషుల్నే!

“చూశావా మరి!” అంటాడు మా మిత్రుడు. కాని పుట్టుక చెడ్డదైనంత మాత్రాన లెక్క అబద్ధమౌతుందా? 1867లో వెలువడిన ‘పెట్టుబడి’ మొదటి సంపుటంలో పనిదినాన్ని గూర్చిన అధ్యాయం తీసి చూడండి. మార్క్సు అక్కడ సాక్ష్యానికి పిలిచింది ఎవరిని? బ్రిటిష్ ప్రభుత్వపు ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్లను. రాజ్యం తన అవసరం కొద్దీ వ్రాయించుకున్న నివేదికల్లోంచే, ఆ రాజ్యాన్ని ఇరుకున పెట్టే సత్యాన్ని ఆయన బయటికి లాగాడు. అవి శత్రువు కాగితాలు, ముట్టనని భీష్మించుకుంటే ఆ పని జరిగేదా?

అయితే చదవడం వేరు, నమ్మడం వేరు. ఆ పట్టికలో రెండు రకాల ఖాళీలున్నాయి. పింకర్టన్ కార్యాలయాన్ని ఒక చోటినుంచి మరొక చోటికి మార్చేటప్పుడు 1993 నాటి కార్డులు పోయాయి. మార్చి 12న బొంబాయి పేలుళ్లు 257 మందిని బలిగొన్న సంవత్సరమది. ప్రధాన పట్టికలో ఆ ఏడాదే లేదు. ఈ లోపాన్ని పరిశోధకులు దాచలేదు. రెండవ ఖాళీని మాత్రం వారు లోపమనరు, నిర్వచనమంటారు. రాజ్యేతరులు చేసే హింస మాత్రమే ఉగ్రవాదమని ఆ నిర్వచనం. ఫ్రాన్సులో 1793–94 నాడు ‘టెర్రర్’ అనే మాట రాజకీయాల్లో రూఢి అయినప్పుడు, అది ప్రభుత్వం చేసిన పనికి పేరు. రెండు శతాబ్దాల్లో మాట తలకిందులైంది.

ఈ సంగతి పుస్తకంలో చదివి తలూపడం తేలిక. ఒక అభ్యాసంలో ఎవరి ఊరి సంఘటనను వారు ఎంచుకొని వరుస నింపమన్నారు. నేను 2007 మే 18 నాటి హైదరాబాదు మక్కా మసీదు పేలుడును తీసుకున్నాను. శుక్రవారం ప్రార్థన వేళ బాంబు పేలి తొమ్మిదిమంది మరణించారు. తర్వాత ఆగ్రహించిన జనంపై పోలీసులు జరిపిన కాల్పుల్లో మరి ఐదుగురు మరణించారు. మృతుల గడి దగ్గర నా చెయ్యి ఆగింది. తొమ్మిదా, పద్నాలుగా? తొమ్మిదే వేసి, ఐదుగురి సంగతి కింద ఒక వాక్యంలో వ్రాశాను. “నిర్వచనానికి వెలుపలిది” అని బోధకుడు వ్యాఖ్యానించాడు. ఆయన తప్పు చెప్పలేదు. కాని ఒకే రోజున, ఒకే ఊళ్ళో పడిన శవాల మధ్య ఆ గీత గీసింది ఎవరు? అనుమానం మీద పోలీసులు పట్టుకుపోయి, తర్వాత కోర్టులు నిర్దోషులని విడిచిపెట్టిన ముస్లిం యువకులకు ఏ గడి వుంది? విచారణ నెదుర్కొన్న ఐదుగురినీ 2018 ఏప్రిల్ 16న ప్రత్యేక న్యాయస్థానం నిర్దోషులన్నది. మరి ‘చేసినవారు’ అనే గడిలో ఏం వ్రాయాలి?

ఇంతవరకు పాఠకులు నాతో ఏకీభవిస్తారనే అనుకుంటాను. ఇకమీదటిదే కష్టం. మన విద్యార్థులు కొందరు, “ఉగ్రవాదమనేది రాజ్యం వాడే తిట్టు మాత్రమే” అని తేల్చేస్తారు. అదీ ఒక గీతే. ఈసారి గీసిన చెయ్యి మనది. 2010 ఏప్రిల్ 6న దంతేవాడ అడవుల్లో మావోయిస్టులు 76 మంది జవాన్లను చంపారు. మర్నాడు ఉపాధ్యాయుల గదిలో ఒక సహచరుడు, “రాజ్యం చేతి పనిముట్లే కదా!” అన్నాడు. కడుపు కోసం యూనిఫారం తొడిగినవాణ్ణి ఏ వర్గంలో చేర్చాడో నేనడగలేదు. టీ తాగి తరగతికి పోయాను. అది యుద్ధమా, ఉగ్రవాదమా అన్న చర్చ వుండవచ్చు. వారు చనిపోయారన్న దానిలో చర్చ లేదు. ఆనాటి నా మౌనం కూడా నేను నింపిన ఒక గడే. నిర్వచనాన్ని ప్రశ్నించే హక్కు నాకు ఎంతవరకు వుందో ఆ మౌనమే నన్ను అడుగుతున్నది.

మన సంప్రదాయం ఈ ప్రశ్నను తప్పించుకోలేదు. జారు హత్యకు కుట్ర పన్నాడని 1887లో అన్నను ఉరితీసినా, లెనిన్ అన్న మార్గాన్ని ఎంచుకోలేదు. వ్యక్తిగత టెర్రర్ ప్రజలకు తమ శక్తి మీదనే నమ్మకం తగ్గిస్తుందని 1911లో ట్రాట్‌స్కీ వాదించాడు. ఆ బోల్షివిక్కులే అధికారానికి వచ్చిన మరుసటి ఏడు, 1918లో, ‘ఎర్ర టెర్రర్’ ప్రకటించారు. ఆ లెక్కా మన పద్దులోదే. ఇంకొకరి ఖాతాలో వ్రాయలేము.

కనుక మిత్రునికి నా సమాధానమిది. ఈ చదువును నేను ముగిస్తాను. హింసకు కారణాలు వెదకినంత మాత్రాన హింసను సమర్థించినట్టు కాదని నా విద్యార్థులకు చెబుతాను. కాని కారణాల చర్చకు ముందు వారి చేత పట్టిక నింపిస్తాను. తొమ్మిది కింద ఐదు వ్రాయమంటాను. ఆ కింద 76 వ్రాయమంటాను. చంపిన చెయ్యి ఎవరిదో చూసి చచ్చినవాడి విలువ కట్టే అలవాటు ముందు మనలో పోవాలి. అది పోనిదే, ఎదుటివాడి నిర్వచనాన్ని తప్పుపట్టే అర్హత మనకెక్కడిది?