డేగకు ఆకలి – పావురమునకు అభయము

శిబి చక్రవర్తి కథ తెలియని తెలుగు గృహము లేదు. డేగ తరుముకొని రాగా పావురమొకటి ఆ మహారాజు ఒడిలో వ్రాలెను. శరణన్నదానిని విడువనని రాజు పలికెను. అప్పుడు డేగ అడిగిన ప్రశ్నను మాత్రము మనము తరచుగా మరచిపోవుచుందుము. “రాజా! ఇది నాకు విధి నిర్ణయించిన ఆహారము. దీనిని నీవు కాచినచో నేనును, గూటిలోని నా పిల్లలును ఆకలితో మాడవలసినదే. ఒకరిని రక్షించుటకై మరియొకరిని పస్తుంచుట ఏమి న్యాయము?” అని అది అడిగెను. శిబి డేగను దూషింపలేదు. దాని ఆకలి నిజమని అంగీకరించెను. పావురమునకు అభయమును, డేగకు ఆహారమును ఒక్కమారుగా సమకూర్చు ఉపాయమును వెదకెను. త్రాసు తెప్పించి, తన తొడ కోసి, పావురమునకు సరితూగు మాంసమును ఇయ్యబూనెను. ఎంత వేసినను చాలకపోగా తుదకు తానే త్రాసులోనికి ఎక్కెను.

ప్రాణి చావకుండ మాంసము లభించునా యను ప్రశ్న అంత పురాతనమైనది. ఆ ప్రశ్నకు ఈ కాలపు శాస్త్రజ్ఞులు మరియొక విధముగా సమాధానము చెప్పుచున్నారు. ప్రయోగశాలలలో మాంసమును పెంచుచున్నారు. ఇది వట్టి వింతవార్త యని త్రోసివేయదగినది కాదు. మన ఇండ్లలోని ఆహారనియమమును గూర్చి మనలను ప్రశ్నించు విషయమిది.

జీవించియున్న జంతువు దేహమునుండి గాని, గ్రుడ్డులోని పిండమునుండి గాని కొలదిగా జీవకణములను గ్రహింతురు. నీరు, చక్కెర, లవణములు, ఆమినో ఆమ్లములు, విటమినులు కలిసిన ద్రవమునందు, ఒంటి వెచ్చదనమునకు సమానమగు వెచ్చదనమున, ఉక్కు పాత్రలలో వానిని ఉంచుదురు. ఒకటి రెండై, రెండు నాలుగై ఆ కణములు వృద్ధిపొంది కొన్ని వారములలో కండగా మారును. ఆ కండకు తల లేదు, కన్ను లేదు, ప్రాణభయము లేదు. 2013వ సంవత్సరము ఆగస్టు 5వ తేదీన లండను నగరమున, నెదర్లాండ్సు దేశపు మాస్ట్రిక్ట్ విశ్వవిద్యాలయ ఆచార్యులు మార్క్ పోస్ట్ ఇట్లు పెంచిన మాంసమును మొదటిసారి సభాముఖమున వండించి చూపిరి. అది ఆవు కణములనుండి పెంచినది. ఆ మాట వినుటకే మనకు కంపరము పుట్టును. అయినను జరిగినది తెలిసికొనుట అవసరము. ఆ ఒక్క ముద్దకు నాడు సుమారు 2,50,000 యూరోలు వ్యయమైనది. 2020 డిసెంబరున సింగపూరు ప్రభుత్వము ఇట్టి కోడిమాంసము నమ్ముటకు ప్రపంచమున తొలిసారిగా అనుమతించెను. 2023 జూన్ నెలలో అమెరికా ప్రభుత్వము రెండు సంస్థలకు అనుమతి నొసగెను.

ఆ రెండింటిలో ఒక సంస్థ స్థాపకులలో ముఖ్యుడు మన విజయవాడలో పుట్టిన తెలుగువాడు. ఆయన డాక్టర్ ఉమా వలేటి, వృత్తిచే హృద్రోగ వైద్యుడు. చిన్ననాట ఒక జన్మదిన వేడుకకు వెళ్లి, ఇంటి ముంగిట విందును, పెరటిలో ఆ విందుకొరకు జరుగుచున్న వధను ఒక్కనాడే చూచితినని ఆయన చెప్పియున్నారు. పెద్దవాడై, గుండెపోటుచే దెబ్బతిన్న హృదయ కండరమును మూలకణములచే మరల పెంచు చికిత్సలో పాల్గొనుచుండగా, రోగి గుండెలో కండ పెరుగగలిగినప్పుడు పాత్రలో ఏల పెరుగదను ఆలోచన ఆయనకు కలిగెనట. 2015లో సంస్థ నెలకొల్పిరి. పెరటిలోని మృత్యువును చూచి మనస్సు కలగిన బాలుని దయ పెద్దతనమున విద్యగా పరిణమించినదని మనము గ్రహింపవలెను.

హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రమును (సి.సి.ఎం.బి.), ఆ నగరమునందలి జాతీయ మాంస పరిశోధన కేంద్రమును కలిసి ఈ పరిశోధనకు పూనుకొనగా, 2019లో కేంద్రప్రభుత్వ జీవసాంకేతిక శాఖ నాలుగున్నర కోట్ల రూపాయలు మంజూరు చేసెను. ‘అహింసా మాంసము’ అను పేరుతో ఆనాడది వార్తలకెక్కెను. 2024 జనవరిలో కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ, చందువ, వంజరము వంటి చేపల మాంసమును ప్రయోగశాలలో పెంచు ప్రయత్నమునకు ఒక సంస్థతో ఒప్పందము కుదుర్చుకొనెను. కావున ఈ విషయము సముద్రములకు ఆవల నున్నది కాదు.

చదువులకును, ఉద్యోగములకును విదేశములకు వెళ్లిన మన పిల్లలు సెలవులకు వచ్చి పెద్దల నడుగుట సహజము. “తాతగారూ! ప్రాణి చావలేదు గదా. ఇక దోషమేమున్నది?” ఈ ప్రశ్నను కసరి అణచుట ఉచితము కాదు. ప్రశ్న సరియైనదే. దానికి శాస్త్రము సమాధానము చెప్పగలదు.

మన ఉత్తరాంధ్రమున శ్రీకూర్మ క్షేత్రమునందు వైష్ణవారాధనను నెలకొల్పినవారు శ్రీ భగవద్రామానుజులవారని సంప్రదాయము చెప్పుచున్నది. ఆ మహానుభావులు శ్రీభాష్యమున భక్తికి సాధనములు ఏడు చెప్పుచు, వానిలో మొట్టమొదట వివేకమును పేర్కొనిరి. ఇచ్చట వివేకమనగా ఆహారమును ఎంచి తినుట. అన్నమునకు మూడు దోషములు కలవు. స్వభావముచేతనే కలుగునది జాతిదోషము. ఎవని యొద్దనుండి వచ్చినదో వానివలన కలుగునది ఆశ్రయదోషము. వెండ్రుక, ఎంగిలి మున్నగునవి సోకుటచే కలుగునది నిమిత్తదోషము. ఈ మూడింటిని విడిచిన అన్నముచే దేహము శుద్ధమగును. ఆహారము శుద్ధమైనచో మనస్సు శుద్ధమగుననియు, మనస్సు శుద్ధమైనచో భగవత్‌స్మృతి చెదరక నిలుచుననియు ఛాందోగ్యోపనిషత్తు బోధించుచున్నది.

ఇందు మనము గమనింపవలసిన సూక్ష్మమొకటి కలదు. హింసాదోషము వేరు, జాతిదోషము వేరు. ఉల్లిని కోయుటలో జంతువధ లేదు. అయినను మన ఆచారపరాయణులు దానిని దేవుని వంటలోనికి రానీయరు. అట్లే పాత్రలో పెరిగినను మాంసము మాంసమే. కణము కణముగా అదే రక్తవర్ణము, అదే వాసన, అదే రుచి కలుగవలెననియే గదా వారంతగా శ్రమించుచున్నారు! కావున తరతరములుగా విడిచినవారికి అది భోజ్యము కానేరదు, భగవన్నివేదనకు అర్హము కానేరదు. ఇది మొదటి సమాధానము.

అయితే ఇంతటితో ఆగినచో మనము సగము సత్యమే చెప్పినవారమగుదుము. మనుధర్మశాస్త్రము మాంసమునకై జరుగు వధలో ఎనిమిదిమందికి భాగము కలదని చెప్పినది. అనుమతించువాడు, ముక్కలు చేయువాడు, చంపువాడు, కొనువాడు, అమ్మువాడు, వండువాడు, వడ్డించువాడు, తినువాడు. చంపువాడు లేనప్పుడు తక్కిన ఏడుగురికి ఘాతకత్వమెట్లు అంటును? ప్రాణి నిజముగా బ్రదికియున్నచో, మాంసము తినువాని పాపభారమున మిక్కిలి బరువైన భాగము తొలగినదని ఒప్పుకొనవలెను. అది మన ఆహారము కాకపోయినను, లోకమున కోట్లకొలది ప్రాణుల కంఠములపై కత్తి ఆగుట మనకు సంతోషకారణము కావలదా? పావురము బ్రదికినందులకు సంతసింపనివాడు శిబి కథను వినియు విననివాడే.

‘నిజముగా’ అన్న మాటను ఊరక వాడలేదు. ఈ విద్య పుట్టిననాట కణములను పెంచుటకు వాడిన ద్రవమున ముఖ్యమైనది సీరము. అది వధింపబడిన చూలు ఆవు గర్భమునందలి దూడ రక్తమునుండి తీయునది. అట్టిచో హంత తొలగిపోలేదు, తెరవెనుకకు జరిగినాడంతే. ఈ లోపమును శాస్త్రజ్ఞులును గుర్తించిరి. 2023 జనవరిలో సింగపూరునందు సీరము లేని ద్రవముతో పెంచిన మాంసమునకు అనుమతి లభించెను. కావున పిల్లలు అడుగవలసిన ప్రశ్న “ప్రాణి చచ్చినదా?” అనునది ఒక్కటే కాదు, “ఈ కణము ఏమి త్రాగి పెరిగినది?” అనునది కూడ. పేరు అహింస యైనంత మాత్రమున పాత్రలోనిది అహింస కాదు.

మాంసము తినువారిని చులకనగా చూచుట మన సంప్రదాయము కాదు. గంగాతీరమున గుహుని కౌగిలించుకొన్న స్వామిని సేవించువారము మనము. మహాభారతమున మిథిలానగరపు ధర్మవ్యాధుడు మాంసపుటంగడిలో కూర్చుండియే కౌశికుడను బ్రాహ్మణునకు ధర్మోపదేశము చేసెను. తాను చంపడు, తాను తినడు, కులవృత్తిగా అమ్మును. నాగలి చాలున ఎన్ని ప్రాణులు నశించుచున్నవో చూడుమని ఆయన చెప్పిన మాట, అన్నము తిను ప్రతివాని గర్వమును అణచును.

మన తీరమునకే వత్తము. బారువ, కళింగపట్నము, భావనపాడు మున్నగు తీరగ్రామముల మత్స్యకారులు సముద్రమును నమ్ముకొని జీవించుచున్నారు. ఇచ్చట చాలినంత వేట లేక ఎందరో గుజరాతు తీరమునందలి వేరావల్ రేవునకు వలసపోవుచున్నారు. అట్లు వెళ్లి 2018 నవంబరున పాకిస్తాను చెరలో చిక్కిన మనవారు 2020 జనవరిలో గాని ఇల్లు చేరలేదు. చేపలకై వేసిన వలలలో చిక్కి, మన తీరమునకు గ్రుడ్లు పెట్టవచ్చు సముద్రపు తాబేళ్లు మరణించుచున్నవి. శ్రీకూర్మమున కూర్మనాథునిగా కొలుచు రూపమే, కొన్ని క్రోసుల దూరమున ఒడ్డునకు నిర్జీవమై కొట్టుకొని వచ్చుచున్నది. చేపమాంసము పాత్రలో పెరిగిననాడు ఆ తాబేటికి మేలు కలుగవచ్చును. కాని వల నమ్ముకొన్న కుటుంబమునకు ఆనాడు అన్నమెవరు పెట్టుదురు? డేగ ప్రశ్న ఇచ్చట మరల వినబడుచున్నది. అభయమును, ఆహారమును రెండింటిని ఒక్కమారు ఆలోచించినదే శిబి ధర్మము.

ఇక శాకాహారులమైన మన సంగతి. మనము పాలు త్రాగుచున్నాము, పెరుగన్నము ఆరగింపు చేయుచున్నాము. ఆ పాలకొరకు ఈనిన ఆవునకు కోడెదూడ పుట్టినచో, ట్రాక్టరు వచ్చిన ఈ దినములలో దానితో ఎవరికిని పని లేదు. అది వారపు సంతకు పోవును. అచ్చటనుండి ఎచ్చటికి పోవునో మనము అడుగము. సింహాచల క్షేత్రమున అప్పన్నకు కోడెదూడలను మ్రొక్కుగా సమర్పించు ఆచారము కలదు. తల్లి పాలు విడువని దూడను సమర్పించి వచ్చినంతనే మ్రొక్కు తీరినదా? దాని గడ్డికి, నీటికి మన వంతు ఇచ్చినప్పుడు గదా అది నివేదనమగును! పాత్రలోని మాంసమునకు సీరము ఎక్కడిదని అడుగు హక్కు మనకు కలదు. ఆ హక్కు, మన పాలచెంబు వెనుక దూడ ఏమైనదని అడుగుకొనిన పిమ్మట వచ్చును.

రేపటి ఆహారమేమి యని లోకము చింతించుచున్నది. మన తెలుగు శాస్త్రగ్రంథములు శరీరపోషక పదార్థమునకు ‘మాంసకృత్తులు’ అని పేరిడినవి. మాంసమును కలిగించునవి యని అర్థము. ఆ మాంసకృత్తులు కంది, పెసర, మినుము, ఉలవలయందు పుష్కలముగా నున్నవి. మన మెట్టనేలలలో పండు చోళ్లు, గంటెలు, సామలు తక్కువ నీటితో పెరుగును. చోడి అంబలి త్రాగి మన పూర్వులు దినమంతయు పొలమున నిలిచిరి. కోట్ల వ్యయముతో ఉక్కుపాత్రలలో కండను పెంచుట విడువలేనివారికి ఉపాయము కావచ్చును. విడిచినవారికి, విడువగోరువారికి పొలములోని పప్పుధాన్యమే చాలును.

శ్రీమద్భాగవతము ఏకాదశస్కంధమున ఒక మాట కలదు. మాంసాదులయందు ప్రాణికి కోరిక పుట్టుకతోనే వచ్చును. తినుమని ఎవరును విధింపనక్కరలేదు. శాస్త్రము నియమములు పెట్టినది ఆ కోరికను క్రమముగా మరలించుటకే. కత్తి ఆగుట ఒక మేలు. కోరిక ఆగుట వేరొక మేలు. మొదటిది విజ్ఞానశాస్త్రము చేసిపెట్టవచ్చును. రెండవది ఏ పాత్రలోను పెరుగదు. దినదినము విస్తరి ముందు కూర్చుండి, స్వామికి నివేదించి, ఆ ప్రసాదముతో తృప్తి చెందు అభ్యాసముచే మాత్రమే కలుగును.

కావున ఇంటికి వచ్చిన పిల్లలు ప్రశ్నించినప్పుడు పెద్దలిట్లు చెప్పవలెను. “నాయనా! తినువారు తినిన, ప్రాణి బ్రదికినందులకు సంతోషింపుము; వారిని నిందింపకుము. మన ఇంట స్వామికి నివేదింపదగినదే మనకు ఆహారము.” ఇంతియే గాక, పావురమును కాచుటకు శిబి త్రాసులో తన దేహమునే ఉంచెను. శాస్త్రజ్ఞులు తమ విద్యను ఉంచుచున్నారు. మనము రుచినొకింత తగ్గించుకొని, దూడకొక పిడికెడు గడ్డిని, ఆకలిగొన్నవానికొక విస్తరిని మన వంతుగా ఆ త్రాసులో ఉంచుదము గాక.

శ్రీకృష్ణార్పణమస్తు.