పాస్‌వర్డ్‌ కూడా అమానతే!

 

అమానతు అనగానే మనకేం గుర్తుకొస్తుంది? హజ్‌కు వెళుతూ పొరుగువారు మన బీరువాలో దాచిపోయిన నగలు, ఫలానావారికి ఇవ్వమని ఎవరో మన చేతిలో పెట్టిన పైకం. ఇవి అమానతులే, సందేహం లేదు. అమానతులను వాటి హక్కుదారులకు అప్పగించమని నిసా సూరా 58వ ఆయతులో అల్లాహ్‌ ఆజ్ఞాపించాడు. అయితే ఈ ఆజ్ఞ నగానట్రాకే పరిమితం కాదు. ఒక మనిషి అటూ ఇటూ చూసి మనతో ఒక మాట చెబితే ఆ మాట కూడా అమానతేనని మహాప్రవక్త ముహమ్మద్‌ (స) బోధించారు. మాటే అమానతయినప్పుడు, ఎన్నో రహస్యాలకు తాళం చెవి అయిన పాస్‌వర్డ్‌ ఏమవుతుంది? ఆలోచించండి.

హైదరాబాదులో ఒక ఆఫీసులో పనిచేసే యువకుణ్ణి ఊహించుకోండి. దుబాయిలో ఉన్న అన్నయ్య పంపే డబ్బు అతని ఖాతాలోనే పడుతుంది. అతని ఇ-మెయిల్‌లో అబ్బాజాన్‌ ఆధార్‌, పాస్‌పోర్టు నకళ్ళున్నాయి. నికాహ్‌ సంబంధం కోసం పంపిన చెల్లెలి ఫోటో ఉంది. మధ్యాహ్నం ఆఫీసు కంప్యూటర్‌లో ఆ మెయిల్‌ తెరిచాడు. పాస్‌వర్డ్‌ భద్రపరచమంటారా అని బ్రౌజర్‌ అడిగితే సరేనని నొక్కాడు. జుహర్‌ వేళయిందని లాగౌట్‌ చేయకుండానే లేచి వెళ్ళాడు. నమాజుకు త్వరపడటం మంచిదే. కాని అతను వెనుక తెరిచి వదిలి వెళ్ళింది ఎవరి సొత్తు? అన్నయ్య చెమట, తండ్రి గుర్తింపు, పరదా పాటించే చెల్లెలి గౌరవం! తనదొక్కడిదే అనుకున్న తాళం చెవి నిజానికి ఇంటిల్లిపాదిది.

ఆఫీసు కంప్యూటర్‌ మన ఇంటి వస్తువు కాదన్న సంగతి ముందుగా గ్రహించాలి. అది యజమానిది. దానిలోంచి బయటికి వెళ్ళే ప్రతిదీ ఆ సంస్థ నెట్‌వర్క్‌ గుండానే వెళుతుంది. మనం ఏ సైటు తెరిచామో అక్కడ నమోదయ్యే అవకాశం ఉంది. బ్రౌజర్‌లో తాళం గుర్తు కనిపిస్తే ఇక భయం లేదనుకుంటాం. కాని సంస్థ తన కంప్యూటర్లలో తన సొంత సర్టిఫికెట్‌ను అమర్చి ఉంటే, మనం పంపే సమాచారాన్ని దారిలో విప్పి చూసి తిరిగి మూసి పంపగలదు. అప్పుడు కూడా తాళం గుర్తు మామూలుగానే కనిపిస్తుంది. ఇన్‌కాగ్నిటో కిటికీ ఆ కంప్యూటర్‌లో చరిత్ర మిగలకుండా చేస్తుందేగాని, నెట్‌వర్క్‌ కంటికి మనల్ని దాచలేదు. తమ భద్రత కోసం సంస్థలు నిఘా పెట్టుకోవడం తప్పని మేము అనడం లేదు. వారి నిఘా ఉన్నచోట మన ఇంటి అమానతులను పరచవద్దని మాత్రమే మా మనవి.

“అంతా అల్లాహ్‌ చూసుకుంటాడు లెండి” అంటారు కొందరు. ఒంటెను కట్టివేసి అల్లాహ్‌పై భారం వేయాలా, వదిలేసి భారం వేయాలా అని ఒక వ్యక్తి అడిగినప్పుడు, ముందు కట్టివేసి ఆ తర్వాత భారం వేయమని ప్రవక్త (స) సెలవిచ్చారు. ఈ హదీసు తిర్మిజీలో ఉంది. తాళ్ళు కట్టకుండా భారం వేయడం తవక్కుల్‌ కాదు, బద్ధకం.

“నా మిత్రుడు నమ్మకస్తుడు, అతనికి పాస్‌వర్డ్‌ చెబితే తప్పేమిటి?” అంటారు మరికొందరు. ప్రవక్త (స) రాజులకు లేఖలు పంపదలచినప్పుడు, ముద్ర లేని లేఖను వారు స్వీకరించరని సహచరులు విన్నవించారు. ఆయన (స) వెండి ఉంగరం చేయించి, దానిపై ‘ముహమ్మద్‌ రసూలుల్లాహ్‌’ అని చెక్కించారు. అదే ముద్రను మరెవరూ చెక్కించుకోరాదని వారించారు. సహాబాల కన్నా నమ్మకస్తులు ఎవరుంటారు? అయినా ముద్ర ఒక్కరిదే. ఎందుకంటే ముద్ర మనిషికి బదులుగా మాట్లాడుతుంది. ఆఫీసు పాస్‌వర్డ్‌ కూడా అంతే. మన పేరుతో మరొకరు చేసిన పని మన పేరు మీదే నమోదవుతుంది. పైగా ఆ పాస్‌వర్డ్‌ మనకు ఇచ్చింది యజమాని. దాన్ని పంచిపెట్టే హక్కు మనకు లేదు.

ఇక రెండవ వైపు చూద్దాం. పక్కవాడు పాస్‌వర్డ్‌ కొడుతుంటే మన చూపు ఎటు ఉండాలి? ఒక వ్యక్తి తలుపు సందులోంచి ప్రవక్త (స) గదిలోకి తొంగిచూసినప్పుడు ఆయన తీవ్రంగా మందలించారు. అనుమతి అడగాలన్న నియమం ఉన్నదే చూపు కోసమని స్పష్టం చేశారు. ఇతరుల గుట్టు వెదకవద్దని హుజురాత్‌ సూరా 12వ ఆయతు వారిస్తోంది. తెరిచి ఉన్న మెయిల్‌ను చదవడం తొంగిచూడటమే. దాన్ని మూసి, ఆ సోదరునికి ఏకాంతంలో చెప్పడం అతని గౌరవాన్ని కాపాడటం. నెట్‌వర్క్‌ను నడిపే ఉద్యోగంలో ఉన్న సోదరుల బాధ్యత ఇంకా పెద్దది. వారు చూడగలిగిందంతా వారు చూడదగినది కాదు. ఇతరుల పాస్‌వర్డ్‌ను మోసంతో వాడుకునేవారికి మన దేశంలో ఐటీ చట్టం 66సి సెక్షను కింద మూడేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. చట్టానికి దొరకనివాడు కూడా అల్లాహ్‌ దృష్టి నుండి తప్పించుకోలేడు.

కాబట్టి కొన్ని జాగ్రత్తలు అలవరచుకుందాం. బ్యాంకు పనిని, సొంత మెయిల్‌ను ఆఫీసు కంప్యూటర్‌లో, ఆఫీసు వైఫైలో తెరవకండి. సొంత ఫోనులో, సొంత డేటాతో చూసుకోండి. ఆఫీసుకు ఒక పాస్‌వర్డ్‌, ఇంటి ఖాతాలకు వేరు పాస్‌వర్డ్‌ పెట్టండి. అవి పొడవుగా ఉండాలి. పిల్లల పేర్లు, పుట్టినరోజులు వద్దు. రెండంచెల ధృవీకరణ పెట్టుకోండి, ఓటీపీని ఎవరికీ చెప్పకండి. కుర్చీలోంచి లేచే ముందు విండోస్‌ మీటను, ఎల్‌ మీటను కలిపి నొక్కితే తెరకు తాళం పడుతుంది. ఇప్పటికే ఆఫీసులో పాస్‌వర్డ్‌ భద్రపరచి ఉంటే దాన్ని తొలగించండి. ఇంటికి వెళ్ళాక మీ ఫోను నుండి పాస్‌వర్డ్‌ మార్చి, అన్ని పరికరాల నుండీ లాగౌట్‌ చేయండి. ఆఫీసు పాస్‌వర్డ్‌ బయటపడిందని అనుమానం వస్తే వెంటనే పైవారికి తెలపండి. భయపడి దాచడం మరో ఖియానత్‌ అవుతుంది. ఖాతాలోంచి డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేసి, బ్యాంకుకు తెలియజేయండి.

క్రీ.శ. 622లో ప్రాణాపాయం మధ్య మక్కాను వీడుతున్నప్పుడు కూడా ప్రవక్త (స) తన వద్దనున్న అమానతులను మరచిపోలేదు. వాటిని హక్కుదారులకు అప్పగించడానికి హజ్రత్‌ అలీ (రజి)ని వెనుక ఉంచారు. ఆ అమానతులు ఎవరివి? తనను వెళ్ళగొట్టిన ఊరివారివే! ఆ ప్రవక్త అనుయాయులమైన మనం కనీసం మన తల్లిదండ్రుల, తోబుట్టువుల అమానతునైనా తాళం వేయకుండా వదిలి వెళ్ళడం తగునా?

అల్లాహ్‌ మనందరినీ అమానతులను కాపాడేవారిలో చేర్చుగాక! మన చూపులను, మన చేతులను ఖియానత్‌ నుండి దూరంగా ఉంచుగాక! ఆమీన్‌.