నరులు లేని చోట కురియు వాన

ధ్యానమునకు: యోబు గ్రంథము 38, 39 అధ్యాయములు

యోబు తన పదిమంది బిడ్డలను ఒక్క దినముననే పోగొట్టుకొనెను. ఆస్తి పోయెను, ఆరోగ్యము పోయెను. స్నేహితులు వచ్చి అధ్యాయము వెంబడి అధ్యాయము వాదించిరి. తుదకు దేవుడు సుడిగాలిలోనుండి మాటలాడినప్పుడు, ఆ బిడ్డలు ఏల మరణించిరో ఒక్కమాటయైనను చెప్పలేదు. హిమము నిలువచేయబడిన కొట్లను గూర్చి అడిగెను. సముద్రమునకు తలుపులు ఎవరు బిగించిరని అడిగెను. కొండమేక ఏ కాలమున ఈనునో ఎరుగుదువా యని అడిగెను. బిడ్డలను పాతిపెట్టిన తండ్రిని మేక ప్రసవమును గూర్చి అడుగుటయా? ఈ చోట అనేకులు తొట్రుపడుదురు. ఇచ్చట ఏమాత్రమును తొట్రుపడని వ్యాఖ్యాత యోబు దుఃఖమును సరిగా చదివియుండడు.

ఆ తొట్రుపాటు ఖరగ్‌పూర్ వంటి రైలు పట్టణమున మరియొక రూపము దాల్చును. 19వ శతాబ్దపు తుదియేండ్లలో బెంగాల్ నాగపూర్ రైల్వే అక్కడ జంక్షను నెలకొల్పి పెద్ద కార్ఖానాను కట్టనారంభించినప్పుడు, ఉత్తర కోస్తా గ్రామములనుండి తెలుగువారు కూలికిని కొలువుకును తరలిపోయిరి. వారి మనుమలు, మునిమనుమలు నేటికిని నింపురా, మథురాకాటీ వీధులలో తెలుగు మాటలాడుచు, అందులో హిందీని, బంగాళీని కలుపుకొనుచు జీవించుచున్నారు. తెలుగున ఆరాధించు సంఘములును అక్కడ కలవు.

అది కొలతల పట్టణము. ప్లాట్‌ఫారము పొడవు 1072 మీటర్లు. ప్రపంచమున మిక్కిలి పొడవైనది అదియేనని బడిపిల్లలు సహితము బహుకాలము గర్వముగా చెప్పుకొనిరి. 2013లో గోరఖ్‌పూర్ ఆ పేరును తీసికొనెను. 2023లో హుబ్బళ్లి గోరఖ్‌పూర్‌ను మించెను. ఇట్టి ఘనతల ఆయుర్దాయము అంతమాత్రమే. మనుష్యునికిని అక్కడ కొలత యున్నది: టోకెను నంబరు, గ్రేడు, ఇన్ని యేండ్ల సర్వీసు. అరువదవ యేట సర్వీసు ముగియును. పూలదండ వేయుదురు, ఫోటో తీయుదురు, కొన్ని మాసములలో క్వార్టరు ఖాళీ చేయవలెను. ముప్పది యేండ్లు నీరు పోసి పెంచిన జామచెట్టు పరుల పాలగును. తాతగారి ఊరికి పోదమన్నచో అక్కడ భూమియు లేదు, గుర్తుపట్టువారును లేరు. అప్పుడు ఆ మనుష్యునిలో ఒక ప్రశ్న పుట్టును: ఇక నావలన ఎవరికి ఏమి ప్రయోజనము? యోబు బూడిదలో కూర్చుండి అడిగినదానికి ఇది దగ్గరి చుట్టము.

ఈ ప్రశ్నను మనస్సున నుంచుకొని, దేవుడు యోబునకు చూపినవాటిని మరల చూడవలెను. యుద్ధాశ్వము నొక్కదానిని తప్పించినయెడల, వాటిలో నరునికి పనికివచ్చునది లేదు. అడవి గాడిద తోలువాని కేకను లెక్కచేయదు. అడవి ఎద్దు నాగలికి లొంగదు. నిప్పుకోడి తన గ్రుడ్లను నేలమీద విడిచి పరుగెత్తును. డేగ దక్షిణ దిక్కునకు రెక్కలు చాచునప్పుడు ఎవరి ఆజ్ఞను అడుగదు. అన్నిటికంటె ఆశ్చర్యమైనది 38వ అధ్యాయము 26వ వచనము: నరులు కాపురముండని అరణ్యముమీద ఆయన వాన కురిపించుచున్నాడట. రైతు కన్నులకు అది వృథా వ్యయము. పంట లేదు, పన్ను లేదు, కృతజ్ఞత చెప్పు నోరును లేదు. అయినను కురియుచున్నది. ప్రయోజనమును కొలిచి ప్రేమించువాడు దేవుడు కాడని యోబు ఆ చోట గ్రహించెను. దుఃఖమునకు కారణము తెలియలేదు. తన్ను పట్టుకొనియున్న చేయి ఎట్టిదో తెలిసెను.

హిమపు కొట్లను తెలుగువారిలో చూచినవారు కొద్దిమందియే. ఖరగ్‌పూర్ గోల్‌బజారులో చేపలమీద పరచిన మంచుగడ్డ వేరు, హిమానీనదము వేరు. కొండలమీద ఏటేట పడిన మంచు కరగక, తన బరువుచేతనే అణగి గట్టిపడి మంచుగడ్డయై, నదివలె పల్లమునకు మెల్లమెల్లగా జరుగును. ఆ గట్టి గడ్డ వెలుతురులోని ఎఱ్ఱదనమును మ్రింగి నీలవర్ణమున ప్రకాశించును. అలాస్కా తీరమున నున్న గ్లేసియర్ బే యను అఖాతమున ఈ మంచు నదులు సముద్రములోనికే దిగి, గోడలు గోడలుగా విరిగిపడును. ఆ ధ్వనిని అచ్చటి ట్లింగిట్ ప్రజలు తెల్లని ఉరుమని పిలుతురు.

1879 అక్టోబరులో ఆ అఖాతమునకు ఒక దేవదారు పడవ వచ్చెను. అందులో ప్రకృతి పరిశీలకుడైన జాన్ మ్యూర్, ప్రెస్బిటేరియన్ మిషనరీ హాల్ యంగ్, తెడ్లు వేయుటకు నలుగురు ట్లింగిట్ మనుష్యులు ఉండిరి. పెద్దవాని పేరు తొయాట్టె. 1794లో కెప్టెన్ వాంకూవర్ నావికులు ఆ తీరమును కొలిచినప్పుడు అఖాతము దాదాపు ద్వారమువరకు మంచుతో నిండియుండెను. 85 యేండ్లలో ఆ మంచు ముప్పది మైళ్లకు మించి వెనుకకు తగ్గియుండెను. పటములో లేని నీటిమీద వారు పోయిరి. వాన, చలి, వంటకు కట్టెలైనను దొరకని ఒడ్డు. ఆదివారము వచ్చెను. విశ్రాంతిదినము గనుక గుడారమున ఉందుమని మిషనరీ కోరెను. మ్యూర్ ఒంటరిగా వానలో కొండయెక్కి, మేఘములు తొలగినప్పుడు ఆ మంచు నదులను చూచెను. వీరిద్దరిలో ఎవరు ఆ దినమును సరిగా ఆచరించిరో తీర్పు చెప్పనక్కరలేదు. గుడారములోని ప్రార్థనయు, కొండమీది చూపును ఒకే ప్రభువునకు చెందినవి.

పడవవారు మాత్రము భయపడిరి. ఇట్టి చోట ఈ మనుష్యుడు దేనిని వెదకుచున్నాడని గొణిగిరి. అక్కడ బంగారము లేదు, వేటాడుటకు జింక లేదు. చూచుటకు తప్ప మరి దేనికిని ఆ చోటు పనికిరాదు. మ్యూర్ వారికి ధైర్యము చెప్పిన పిమ్మట, ముసలి తొయాట్టె తన పడవ నలిగిపోయినను చింతలేదనియు, పరలోక మార్గమున మంచి తోడు దొరకుననియు పలికెనని మ్యూర్ తన గ్రంథమున వ్రాసెను. మిషనరీ వెళ్లినది ప్రజలకు బోధించుటకే; అయినను ఆ పడవలో విశ్వాసపు మాట పలికినవాడు తెడ్డు వేసినవాడు.

నేడు ఆ అఖాతము జాతీయ వనము. పెద్ద ఓడలు దినమునకు రెండు మాత్రమే రావచ్చును. అనేకులు కయాక్ అను చిన్న పడవలో పోవుదురు. ఒకరో ఇద్దరో పట్టు సన్నని పడవ. రెండు కొనలకు ఆకులున్న తెడ్డు. కూర్చున్నవాని నడుము నీటిమట్టముతో సమానము. ఇంజను లేదు గనుక తిమింగలము ఊపిరి విడుచుట దూరమునుండియే వినబడును. అయితే ఇందులో ఒక చిక్కు కలదు. కయాక్ పూర్వము ఉత్తర ధ్రువ ప్రాంతపు వేటగాండ్ర పడవ. సీలు జంతువులను సమీపించుటకే అది అట్లు చేయబడెను. ఆ అఖాతమునందు సీలు తల్లులు హిమానీనదమునుండి విరిగిపడి తేలు గడ్డలమీదనే వేసవి మొదట పిల్లలను కనును. నిశ్శబ్దముగా దాపునకు వచ్చు పడవ వాటికి మాటువేసిన శత్రువుగా తోచును. తల్లి నీటిలోనికి దుమికినచో పిల్ల గడ్డమీద ఒంటరి యగును. అందుచేత ప్రసవకాలమున అవి విస్తారముగా చేరు పాయలోనికి ఎవరిని పోనీయరు. కొండమేక ఈనుట నీవు చూచితివా యను ప్రశ్నకు అక్కడ మంచి ప్రత్యుత్తరము దొరకినది: చూడలేదు, చూడబోము, నీవు చూచుచున్నావు గనుక చాలును.

ఇంత దూరపు మంచుతో రైలు పట్టణపు తెలుగువానికి ఏమి సంబంధమని అడుగవచ్చును. సంబంధమును కలుపు పక్షి యొకటి కలదు. తల వెనుక రెండు నల్లని చారలుగల ఆ పెద్దబాతు లడఖ్, టిబెట్, మంగోలియా దేశముల ఎత్తైన సరస్సుల ఒడ్డున గూడు కట్టును. హిమపు నీటిచే నిండు సరస్సులవి. చలికాలము రాగానే హిమాలయములను దాటి దక్షిణమునకు వచ్చును. 7000 మీటర్లకు మించిన ఎత్తున ఎగిరినట్లు పరికరములతో నమోదు చేయబడెను. ఆ ఎత్తున ప్రాణవాయువు మిక్కిలి పలుచన. అందుకు తగిన రక్తమును సృష్టికర్త దానికి దయచేసెను. యిర్మీయా 8వ అధ్యాయమున సంకుబుడి కొంగ తన కాలము నెరుగునని ప్రవక్త చెప్పి, ప్రజలు ఎరుగరని విలపించెను. ఈ బాతునుగూర్చియు అట్లే చెప్పవచ్చును. భూమి వేడెక్కుటచే దాని జన్మస్థానమునందలి హిమానీనదములలో అధికభాగము తరిగిపోవుచున్నవి. పక్షి మాత్రము తన కాలము తప్పలేదు. అది దిగు చోట్లలో ఒకటి చిలికా సరస్సు.

చిలికా ఖరగ్‌పూర్ తెలుగువారికి క్రొత్త కాదు. స్వస్థలమునకు పోవు బండి పగటిది యైనచో, భువనేశ్వర్ దాటిన పిమ్మట ఎడమ కిటికీలో కాలుపాడా ఘాట్ నుండి రంభా వరకు నీరే నీరు. తల్లులు బిడ్డలకు చూపుదురు, టీ అమ్మువాడు వచ్చును, సరస్సు అయిపోవును. మూడు తరములు దానిని కిటికీలోనుండియే చూచినవి. ఆ కిటికీ వెలుపల 900 చదరపు కిలోమీటర్లకు మించిన ఉప్పు తీపి కలిసిన నీరు కలదు. చలికాలమున నలబణ దీవియొద్ద లక్షలకొలది పక్షులు దిగును. సముద్రద్వారము ఇసుకచే పూడి సరస్సు క్షీణింపగా, 2000 సెప్టెంబరులో క్రొత్త ద్వారము త్రవ్విరి. ఉప్పునీరు మరల ప్రవేశించెను, చేపలును పెరిగెను. నరుని హస్తము చెరుపుటకే గాక బాగుచేయుటకును తగునని దీనివలన తెలియుచున్నది.

ఇప్పుడు కొందరు సెలవులలో దిగి, సాతపడా వద్ద పడవ మాట్లాడుకొందురు. అక్కడ ఇరావడీ డాల్ఫినులు కలవు. ముక్కులేని గుండ్రని తల, సంఖ్యకు సుమారు 150. పడవకు వెనుక పొడవైన కడ్డీతో ఇంజను. ఎక్కినవారు వెంటనే పలుకు మాట ఒకటే: దగ్గరకు పోనిమ్ము. పడవవాడు పోనిచ్చును. డాల్ఫిను ఒకటి తేలగానే నాలుగు దిక్కులనుండి పడవలు పరుగెత్తును, అది మునుగును. ఇంజను రెక్కలు తగిలియు, వలలలో చిక్కియు చచ్చినవి లేకపోలేదు. ఈ దోషమును పడవవానిమీద వేయుట సులభము. అయితే అతడును ఒక కూలివాడు. సరస్సుమీద బ్రతుకు వేల కుటుంబములలో ఒకడు. డాల్ఫిను చూపనిచో బాటసారులు కూలి తగ్గింతురని అతనికి భయము. అతనిని తరుముచున్నది పడవలో కూర్చున్నవారి తొందరయే.

ఆదికాండమున దేవుడు నరునికి ఏలుబడి నిచ్చెనని చెప్పి, దీనిని సమర్థించువారు కలరు. యోబు గ్రంథము ఆ మాటను కొట్టివేయలేదు. దానికి హద్దు చూపెను. ఏలువాడు సకలమును తన పనికి వచ్చుటనుబట్టి లెక్కించినచో, ఒక దినమున తానును అట్లే లెక్కింపబడును, టోకెను తిరిగి ఇచ్చిన నాడు మిగులునది ఏమియు ఉండదు. ఎవరికిని పనికిరాని జీవియెదుట చేతులు కట్టుకొని కూర్చుండగలవాడు మాత్రము, తాను పనినుండి తొలగినను దేవుని దృష్టినుండి తొలగలేదని నమ్మగలడు. ఈ రెండును ఒకే విశ్వాసపు రెండు ప్రక్కలు.

అందుచేత పడవ యెక్కువారు ఒడ్డుననే రెండు మాటలు చెప్పవలెను: డాల్ఫిను కనబడినను కనబడకున్నను కూలి పూర్తిగా ఇత్తుము, నడిమికి పోయిన పిమ్మట ఇంజను ఆపుము. పడవవాడు మొదట నమ్మడు, మరల అడుగును. ఇంజను ఆగిన పిమ్మట కొంతసేపు ఏమియు జరుగదు. పిల్లలు విసుగుకొందురు. నీరు పడవ ప్రక్కలను మెల్లగా తట్టుచుండును. దూరమున పక్షుల గుంపు లేచి మరల దిగును. అంతట, ఎవరును చూడని వైపున, ముసలివాడు నిట్టూర్చినట్లు ఒక ఊపిరి వినబడును.