పడకుండా మిగిలినవాడు

స్టీవెన్ బ్రాడ్‌బరీకి బంగారు పతకం ఎలా వచ్చిందో లోకమంతా చూసింది. రావడం న్యాయమేనా అన్నదే నాకు ఎప్పటికీ తెగదు.

2002, సాల్ట్ లేక్ సిటీ ఒలింపిక్స్. షార్ట్ ట్రాక్ స్కేటింగ్, 1000 మీటర్ల ఫైనల్. 111 మీటర్ల మంచు బాట మీద తొమ్మిది చుట్లు. ఆఖరి మలుపులో నలుగురు భుజాలు రాసుకుంటూ, వేళ్లు మంచుకు ఆనించి వంగి దూసుకుపోతున్నారు. ఈ ఆస్ట్రేలియావాడు వాళ్లకి దాదాపు 15 మీటర్లు వెనక. చైనా లీ జియాజున్ తన ముందున్న ఓనోని దాటబోయి తగిలి పడ్డాడు. ఆ వెంటనే ఓనో, మిగిలిన ఇద్దరు ఆన్ హ్యున్ సూ, టర్కాట్ ఒకరికొకరు చిక్కుకుని గోడ దాకా జారిపోయారు. వెనకవాడు నిలబడే వచ్చి గీత దాటాడు. చేతులైతే ఎత్తాడు గానీ, ఎత్తొచ్చా అని ఎవరినో అడుగుతున్నట్టుంటుంది ఆ మొహం. అంతకుముందు సెమీఫైనల్లోనూ అతని ముందున్నవాళ్లు ఇలాగే పడ్డారు.

గుడ్డి అదృష్టం అని కొట్టిపారేద్దామంటే అతని గతం అడ్డొస్తుంది. 1994లో మాంట్రియల్‌లో ఇంకొకరి బ్లేడు తొడలో దిగి నాలుగు లీటర్ల రక్తం పోయింది, 111 కుట్లు పడ్డాయి. 2000లో మెడ ఎముక విరిగింది. (బాట 111 మీటర్లు, కుట్లు 111. జాతకాలవాళ్లకి ఈ ముక్క చెప్పకండి.) ఈ గాయాల సంగతి వినగానే అందరం మెత్తబడతాం. పోనీలే, పడ్డ కష్టం ఊరికే పోలేదు అంటాం. నాకు గుచ్చుకునేది అక్కడే. అతని కష్టానికి కూలి ఇవ్వడానికి పదహారేళ్ల ఆన్ ఎందుకు పడాలి? పూర్వజన్మ అంటారేమో. అలా అయితే నాతో వాదించకండి.

వెనక ఉండటం తన వ్యూహమే అన్నాడు బ్రాడ్‌బరీ. కాళ్లలో వేగం చాలనివాడికి అది వ్యూహమా? ఆఖరి బస్సు తప్పిపోయినవాడు నడక ఒంటికి మంచిదన్నట్టుంది. అయినా, రోషానికి పోయి ఆ గుంపులో దూరి ఉంటే తనూ ఆ కుప్పలోనే ఉండేవాడు కదా. నలుగురిలో ఇద్దరు నిలబడి ఉన్నా, ఆ వ్యూహం ఊసు ఇవాళ ఎవరూ ఎత్తేవారు కాదు.

పోనీ, ఆ నలుగురూ అంతవరకూ పడకపోవడాన్ని ఏమనాలి? దాన్ని మాత్రం ప్రతిభ ఖాతాలో వేసేశాం. అంటే మొత్తం ఆటే జూదమా అంటే, అదీ కుదరదు. ఆన్ 2006లో టురిన్‌లో మూడు స్వర్ణాలు గెలిచాడు, 2014లో రష్యా తరఫున సోచిలో ఇంకో మూడు. అన్నిసార్లు అదృష్టం ఎవరికీ ఊడిగం చెయ్యదు. ఇన్ని పరుగులు కలిపి చూస్తే ప్రతిభ బయటపడుతుంది, ఒప్పుకుంటాను. కానీ పతకం ఇచ్చేది ఒక్క పరుగుకి.

ఆ లెక్కన, తొడ మీద గాయం లేకపోయినా, మెడ విరగకపోయినా, ఏ కష్టం ఎరగని ఒక మామూలు స్కేటర్ అక్కడ వెనకబడి ఉన్నా, ఆ బంగారం అంతే న్యాయంగా అతనిది. లెక్క సరిపోయింది. ఒప్పుకోవడానికే మనసు రావడం లేదు.