దాఖలు కాని సంవత్సరములు – వర్తకుని ప్రతిక్రమణము

మన యిండ్లలో ఏటికి రెండు లెక్కలు ముగియుట చిరకాలముగా వచ్చుచున్న ఆచారము. భాద్రపదమున సంవత్సరి ప్రతిక్రమణము చేసి, ఏడాది పొడుగున తెలిసియు తెలియకయు జరిగిన దోషములను తలచుకొని, ఎల్ల జీవులను క్షమాపణ కోరుదుము. దీపావళినాడు, శ్రీ మహావీరస్వామి నిర్వాణదినమున, పాత వహీని మూసి కొత్త చోప్డాకు పూజ చేయుదుము. మొదటిది ఆత్మ లెక్క. రెండవది అంగడి లెక్క. ఒకప్పుడు ఇన్‌కంటాక్సువారికి సైతము దీపావళి నుండి దీపావళికి లెక్క చూపు వీలుండెను. తెలుగు వర్తకులు పలువురు ఉగాది నుండి ఉగాదికి చూపుచుండిరి. 1989 నుండి పన్ను నిమిత్తము అందరి లెక్కయు మార్చి 31తోనే ముగియవలెనను నియమము వచ్చినది. అందుచేత ఇప్పుడు మనకు మూడు ముగింపులు.

ఈ మూడవ దానిని మాత్రము మనలో చాలమంది ధర్మవిషయముగా తలంపరు. అది ఆడిటరుగారి పని యందురు. ఏ కారణముననో నాలుగైదు సంవత్సరముల రిటర్నులు దాఖలు కాక నిలిచిపోయినచో, "పోయిన ఏళ్లు పోయినవి; ఇకమీద సరిగా నడుపుకొందము" అని సరిపెట్టుకొందురు. ఈ మాట శ్రావకధర్మము ముందు నిలుచునా, నిలువదా? ఈ వ్యాసమున విచారింపదలచినది ఇంతే.

ఈ ప్రశ్న బెంగుళూరులో 2025 జులై మాసమున వీధికెక్కినది. కర్ణాటక వాణిజ్యపన్నుల శాఖవారు 2021-22 మొదలు 2024-25 వరకు యూ.పి.ఐ. ద్వారా అంగళ్లకు జమయైన మొత్తములను చూచి, వేలాది చిన్న వర్తకులకు నోటీసులు పంపిరి. సరుకు అమ్మువారు ఏటికి 40 లక్షలు, సేవలు చేయువారు 20 లక్షలు దాటినచో జి.ఎస్.టి. క్రింద పేరు నమోదు చేయించుకొనవలెను. మీరేల చేయించుకొనలేదని అందులోని ప్రశ్న. కూరగాయలు, పాలు అమ్ముకొనువారికి కూడ నోటీసులు వెళ్లినవి. పలు అంగళ్లలో క్యూ.ఆర్. అట్టలు మాయమై, "నగదు మాత్రమే" అను కాగితములు వెలసినవి. ఆందోళన రేగెను. జులై 23న ముఖ్యమంత్రి సిద్ధరామయ్యగారు వర్తక ప్రతినిధులతో మాట్లాడి, పాత బాకీలు వసూలు చేయమనియు, పన్ను లేని సరుకుల వారి నోటీసులు విడిచిపెట్టుదుమనియు, అయితే నమోదు కావలసినవారు తప్పక నమోదు కావలెననియు చెప్పిరి.

అది జి.ఎస్.టి. విషయమే గాని ఇన్‌కంటాక్సు విషయము కాదు. అయినను పాత ఏళ్ల లెక్క ఎదుటికి వచ్చినప్పుడు మనస్సు ఎట్లు నడచునో అందులో కానవచ్చినది. పాలు అమ్ముకొనువానికి నిజముగా బాకీయే లేదు, అతడును భయపడెను. బాకీ గలవాడు లెక్క విప్పుటకు మారు జాడ చెరుపుకొనెను. ఇద్దరును ఒకే అట్ట తీసివేసిరి. చూచువారికి ఇద్దరును ఒక్కటే. ధర్మదృష్టికి ఒక్కటి కారు.

ఇక మన వ్రతములు ఏమి చెప్పుచున్నవి? శ్రావకుని మూడవ అణువ్రతము అచౌర్యము. తత్త్వార్థసూత్రము ఏడవ అధ్యాయమున ఉమాస్వాతి ఆచార్యుడు ఈ వ్రతమునకు ఐదు అతిచారములను పేర్కొనెను. దొంగతనమునకు ప్రేరేపించుట, దొంగసొత్తు కొనుట, రాజ్యమర్యాదకు విరుద్ధముగా నడచుట, తూనికలు కొలతలలో హెచ్చుతగ్గులు చేయుట, నకిలీ సరుకు చెల్లించుట అనునవి ఆ ఐదు. ఇవి అడవిలో తపస్సు చేయువానికి చెప్పినవి కావు. త్రాసు ముందు కూర్చున్నవానికి చెప్పినవి.

ఇచ్చట మనస్సు ఒక సందు వెదకుకొనును. "దొంగలెక్క వ్రాసినవాడు తప్పు చేసినవాడు. నేను దొంగలెక్క వ్రాయలేదే! అసలు ఏమియు వ్రాయలేదు" అనును. సత్యవ్రతమునకు చెప్పిన అతిచారములలో కూటలేఖక్రియ, అనగా దొంగపత్రము వ్రాయుట, ఒకటి. దాఖలు చేయని రిటర్ను పత్రమే కాదు గనుక అది తగులదని వాదము. కాని అదే వరుసలో న్యాసాపహారమని మరియొకటి కలదు. నమ్మి దాచుమని ఇచ్చిన సొమ్మును తిరిగి ఇయ్యకుండుట దాని అర్థము. గుమాస్తా జీతములో పట్టుకొన్న పన్ను, కొనువాని వద్ద బిల్లుపై వసూలు చేసిన జి.ఎస్.టి. అచ్చముగా న్యాసములే. మన లాభముపై పడు ఇన్‌కంటాక్సు అంత స్పష్టమైన న్యాసము కాకపోవచ్చును. అయినను చట్టము దానిని మన భాగము నుండి వేరుచేసిన పిదప, అది మన గల్లాపెట్టెలో నున్న పరుల సొమ్మే యగును.

"ప్రభుత్వము ఆ సొమ్మును సద్వినియోగము చేయుచున్నదా?" అని అడుగువారు కలరు. అడుగవలసిన ప్రశ్నయే, ఓటు వేయునప్పుడు, సభలలో మాట్లాడునప్పుడు గట్టిగా అడుగవలెను. కాని మన వద్ద అరువు తీసికొన్నవాడు, "సేటుగారూ, మీరు ఆ డబ్బు పెండ్లి ఆర్భాటములకు ఖర్చు పెట్టుదురు, కావున ఇయ్యను" అన్నచో మనము ఒప్పుకొందుమా? హుండీ చూపినవాని గుణము విచారించి హుండీ చెల్లించు ఆచారము ఏ పేటలోను లేదు. తప్పించుకొన్న హుండీ వలన పోవునది చూపినవాని పరువు కాదు, చెల్లింపనివాని పరువు.

అన్ని తప్పులును ఒక్క తూకమువి కావని కూడ మన శాస్త్రము చెప్పుచున్నది. వ్రతభంగమునకు అతిక్రమము, వ్యతిక్రమము, అతిచారము, అనాచారము అని నాలుగు మెట్లు. మనస్సు చలించుట మొదటిది. హద్దు దాటుటకు కదలుట రెండవది. వ్రతమునకు కొంత హాని చేయుట మూడవది. సంకోచము లేక భంగపరచుట నాలుగవది. దాఖలు కాని సంవత్సరములు కూడ ఇట్లే పేరుకొనును. మొదటి ఏడు ఇంటిలో మరణమో, అన్నదమ్ముల పంపకమో, జబ్బో కారణమగును. అది ప్రమాదము, అనగా ఏమరుపాటు. రెండవ ఏడు, "ఇప్పుడు వేసినచో నిరుటిది బయటపడునేమో" అను భయము పుట్టును. మూడవ ఏడు ఆ భయమును కాపాడుటకు బ్యాంకు జమలను బంధువుల ఖాతాలలోనికి విడదీయుదురు. నాలుగవ ఏడు పన్ను కట్టువానిని చూచి, "పాపము, అమాయకుడు" అని నవ్వుదురు. ఏమరుపాటుగా మొదలైనది లోభముతో బలిసి మాయగా ముగిసినది. మొదటి ఏటి దోషము చిన్నది. దానిని దాచుటకు చేసిన పనులే పెద్దవి. పాత ఏళ్లను వదలి ఇకమీద సరిగా నడతుమనుట ఇందుకే కుదరదు. ఆ దాపరికము కొత్త లెక్కలోనికి కూడ వెంటవచ్చును.

కేవలము భయపెట్టుటకు ఈ మాటలు వ్రాయుట లేదు. భర్త పోయిన పిదప అంగడి తెరచిన ఒక తల్లికి ఆదాయము పన్ను పరిమితికి లోపలనే యుండవచ్చును. బ్యాంకువారు వడ్డీలో పట్టుకొన్న పన్ను ఆమెకే తిరిగి రావలసియుండవచ్చును. అట్టివారు దోషభయమున కుములుట అనవసరము. గడువు దాటినను, ఆలస్యమును మన్నించి రిటర్ను స్వీకరింపుమని కమీషనరుగారికి అర్జీ పెట్టుకొను దారి కలదు. అసెస్‌మెంటు సంవత్సరము ముగిసిన నాటి నుండి ఐదేండ్ల లోపల అట్టి అర్జీ చేయవచ్చునని 2024 అక్టోబరు 1 నాటి కేంద్ర ప్రత్యక్షపన్నుల బోర్డు సర్క్యులరు చెప్పుచున్నది. తెలిసినవారు ఇటువంటి ఇండ్లకు వెళ్లి కాగితములు సర్దిపెట్టుట సాధర్మిక వాత్సల్యమే యగును.

బాకీ గలవారి సంగతి వేరు. స్వాతంత్ర్యము వచ్చిన పిదప ప్రభుత్వము 1951లోను, 1965లోను, 1975లోను, 1997లోను, 2016లోను దాచిన ఆదాయమును వెల్లడించువారికి ప్రత్యేక పథకములు పెట్టెను. 1997 పథకము జులై 1 నుండి డిసెంబరు 31 వరకు నడచెను. వ్యక్తులు నూటికి 30, కంపెనీలు, భాగస్వామ్య సంస్థలు నూటికి 35 చెల్లించి బయటపడిరి. వీనివలన ఖజానాకు సొమ్ము వచ్చినది నిజమే. కాని ఏటేట సక్రమముగా కట్టినవాడు వెర్రివాడుగను, కాచుకొని కూర్చున్నవాడు తెలివైనవాడుగను లోకమునకు తోచెను. మరియొక పథకము రాకపోవునా అని ఎదురుచూచుట పశ్చాత్తాపము కాదు. అదియు ఒక విధమైన వ్యాపారమే.

2022లో వచ్చిన సవరణ రిటర్ను, అనగా అప్‌డేటెడ్ రిటర్ను పద్ధతి అట్టిది కాదు. మొదట రెండేండ్లకే యున్న ఈ గడువును 2025లో నాలుగేండ్లకు పెంచిరి. పన్నును వడ్డీని కలిపి లక్ష రూపాయలు తేలినచో, అసెస్‌మెంటు సంవత్సరము ముగిసిన మొదటి ఏటిలో 25 వేలు, రెండవ ఏటిలో 50 వేలు, మూడవ ఏటిలో 60 వేలు, నాలుగవ ఏటిలో 70 వేలు అదనముగా చెల్లించవలెను. ఉదాహరణకు, 2022-23 వ్యాపార సంవత్సరమునకు ఈ ద్వారము 2028 మార్చి 31 వరకు తెరచియుండును. ఆలస్యమైన కొలది భారము పెరుగును గాని తగ్గదు. ప్రాయశ్చిత్తమున కుండవలసిన లక్షణము ఇదియే. కోర్టుల దృష్టియు ఇట్లే కలదు. మద్రాసులోని ఒక భాగస్వామ్య సంస్థ 1990ల నాటి రిటర్నులు దాఖలు చేయని కేసులో 2014 జనవరి 30న సుప్రీంకోర్టు తీర్పు చెప్పుచు, అసెస్‌మెంటు వివాదము అప్పీళ్లలో నున్నది గనుక రిటర్ను వేయని దోషము లేదను వాదమును త్రోసిపుచ్చెను.

రిటర్ను వేయుటతోనే పని ముగిసినదా? ప్రాయశ్చిత్తములలో మొదటిది ఆలోచనము. ఇది మనము మామూలుగా అను ఆలోచన కాదు. గురువు ఎదుట దోషమును విప్పి చెప్పుట. ఆ చెప్పుటలో సైతము పది దోషములు కలవని పెద్దలు హెచ్చరించిరి. అందులో ఒకటి దృష్టము: ఇతరులు చూచిన తప్పునే చెప్పి, ఎవరును చూడనిదానిని దాచుట. ఒకటి బాదరము: పెద్దవి చెప్పి చిన్నవి విడుచుట. ఒకటి సూక్ష్మము: చిన్నవి చెప్పి పెద్దవి దాచుట. నేటి వర్తకునికి ఈ జాబితా ఎంత దగ్గరిదో చూడుడు. ప్రభుత్వమువారి వార్షిక సమాచార పట్టికలో ఏ జమలు కానవచ్చుచున్నవో చూచుకొని, అంతమాత్రమే రిటర్నులో వ్రాసి, నగదు అమ్మకములను విడిచినవాడు దృష్టదోషమున పడినవాడే. పన్ను కట్టెను, కాని ఆలోచనము చేయలేదు.

దేశమంతటి రిటర్నులను పరిశీలించు కేంద్రము మన బెంగుళూరులోనే ఎలక్ట్రానిక్ సిటీలో 2009 నుండి కలదు. అచ్చట యంత్రము అంకెలను సరిచూచును. ముఖము చూడదు, గద్దింపదు. కాబట్టి చెప్పనిదానిని గూర్చి అడుగవలసినది మన అంతరాత్మయే.

ప్రాయశ్చిత్తములలో మరియొకటి వివేకము, అనగా అశుద్ధముగా చేరినదానిని విడిచిపెట్టుట. మన సంఘమువారు నిర్మొగమాటముగా మాట్లాడుకొనవలసిన సంగతి ఇచ్చట ఒకటి కలదు. పర్యుషణములో బోలీ పాడి, పాంజరాపోలుకు విరాళమిచ్చి, పాత ఏళ్ల దోషము తీరెనని తృప్తిపడువారు కలరు. ప్రభుత్వమునకు బాకీపడిన లక్షను జీవదయకు ఇచ్చినవాడు దానము చేయలేదు. ఒకరి సొమ్మును మరియొకరికి ఇచ్చెను. దానమునకు ముందు ఋణము తీరవలెను. లెక్కలేని నగదును స్వీకరించు కమిటీలు కూడ దాతకు మేలు చేయుట లేదు. అతని భ్రమను పెంచుచున్నవి.

నాలుగేండ్లకు మించిన పాత బాకీ మాటేమి? ఆడిటరును అడిగి, చట్టమున ఇంకను దారి యున్నచో ఆ దారినే పోవలెను. ఏ దారియు లేనినాడు, ఆ మొత్తమును తనది కాదని నిశ్చయించుకొని లోకహితమునకు విడువవచ్చును. కాని దానికి దానమను పేరు వద్దు, శిలాఫలకము వద్దు, సభలో శాలువ వద్దు. జులైలో వలె ప్రభుత్వమే మన్నించినచో ఋణము తీరినట్లే; దాచితిమను దోషము మాత్రము ఆలోచనము వలననే తీరును.

వీనితోపాటు ప్రత్యాఖ్యానము వలయును: ఇక చేయనను నిశ్చయము. ఇది లేక ఆ రెండును నిలువవు.

కడపట ఒక్క మాట. యజమాని పోయిన పిదప అతని పాత ఏళ్ల పన్ను బాకీ, అతడు విడిచిన ఆస్తి మేరకు, వారసులపై పడునని చట్టము చెప్పుచున్నది. చిక్కపేటలోనైనను, ఆదోనిలోనైనను, హిందూపురములోనైనను తండ్రి కుమారునికి అంగడి అప్పగించునప్పుడు తాళపుచెవులతోపాటు తన భయమును కూడ అప్పగింపరాదు. రాబోవు సంవత్సరికి ముందే చిట్టా ఆవర్జాలను బయటికి తీసి, కుమారులను కోడండ్రను దగ్గర కూర్చుండబెట్టుకొని, ఏ ఏటిది ఎంతయో తేల్చి దాఖలు చేయుడు. ఆ సాయంకాలము ప్రతిక్రమణమున "మిచ్ఛామి దుక్కడం" అన్నప్పుడు, ఆ మాటకు వెనుక ఒక రసీదు ఉండును.