పౌరసత్వ ప్రమాణం – అల్లాహ్ సాక్షిగా ఒక ఒప్పందం

 

ఈరోజు హైదరాబాద్, కర్నూలు, గుంటూరు, నిజామాబాద్‌లలో ఎన్నో ముస్లిం కుటుంబాలకు అమెరికాలో పిల్లలున్నారు. చదువు కోసమని వెళ్ళారు, ఉద్యోగంలో కుదురుకున్నారు. ఏళ్ళ తరబడి ఎదురుచూసి గ్రీన్ కార్డు పొందారు. చివరికి ఒకరోజు ఫోను వస్తుంది: “అమ్మీ! నాకు సిటిజన్‌షిప్ వచ్చేసింది. వచ్చే వారమే ప్రమాణం.”

ఇంట్లో సంతోషం వెల్లివిరుస్తుంది. ఆ వెంటనే సందేహాలూ మొదలవుతాయి. “ముస్లిమేతర దేశానికి విధేయులుగా ఉంటామని ప్రమాణం చేయవచ్చా?” అని ఒకరు అడుగుతారు. “అదంతా కాగితం కోసం చెప్పే మాట, నోటితో అనేసి రండి. మనసులో ఏముందో ఎవరు చూడొచ్చారు?” అని మరొకరు సలహా ఇస్తారు. మొదటి మాట ధర్మభీతితో పుట్టిన ప్రశ్న. దానికి జవాబు వెతకాలి. కాని ఆ రెండో సలహా చాలా ప్రమాదకరమైనది. ఎందుకంటే మనసులో ఏముందో చూసేవాడు ఒకడున్నాడు. ఆయన సర్వజ్ఞుడు.

ఆ ప్రమాణంలో ఏముంది?

ముందుగా విషయాన్ని సరిగా తెలుసుకుందాం. అమెరికాలో శాశ్వత నివాసిగా సాధారణంగా 5 సంవత్సరాలు గడిపినవారు పౌరసత్వానికి దరఖాస్తు చేసుకోవచ్చు. అమెరికా పౌరులను పెళ్ళి చేసుకుని వారితో కలిసి ఉంటున్నవారికి ఈ గడువు 3 సంవత్సరాలు. ఇంటర్వ్యూ ఉంటుంది. ఇంగ్లీషు పరీక్ష, దేశ చరిత్ర–పాలనలపై పరీక్ష ఉంటాయి. 2025 అక్టోబరు 20 నుంచి దరఖాస్తు చేసినవారికి 128 ప్రశ్నల జాబితా ఇచ్చి, అందులో నుంచి 20 అడుగుతున్నారు. 12 సరిగ్గా చెబితే ఉత్తీర్ణులైనట్లే. ఇవన్నీ దాటాక, కుడిచేయి పైకెత్తి ప్రమాణం చేస్తేనే మనిషి పౌరుడవుతాడు. అంతవరకు కాడు.

ఆ ప్రమాణంలో ఇతర రాజ్యాల పట్ల విధేయతను వదులుకోవడం, అమెరికా రాజ్యాంగాన్ని, చట్టాలను సమర్థించడం, చట్టం కోరినప్పుడు దేశం కోసం సేవ చేయడం అనే మాటలున్నాయి. చివర్లో మరొక ముఖ్యమైన మాట ఉంది. మనసులో మరో మాట దాచుకోకుండా, తప్పించుకునే ఉద్దేశం లేకుండా, ఇష్టపూర్వకంగా ఈ బాధ్యత స్వీకరిస్తున్నానని ప్రమాణకర్త పలకాలి. గమనించండి! మనం నియ్యత్ అని దేన్నంటామో, ఆ చట్టం కూడా దాన్నే అడుగుతోంది. “నోటితో అనేసి రండి” అనే సలహా ప్రమాణంలోని ఈ ఆఖరి మాటనే అబద్ధం చేస్తుంది.

మాట ఇస్తే మాటే

ఒప్పందాలను నెరవేర్చమని అల్లాహ్ అల్ మాయిదా సూరా మొదటి ఆయతులోనే విశ్వాసులను ఆదేశించాడు. చేసిన వాగ్దానం గురించి ప్రళయదినాన ప్రశ్నించడం జరుగుతుందని బనీ ఇస్రాయీల్ సూరా 34వ ఆయతు హెచ్చరిస్తోంది. అన్ నహ్ల్ సూరా 92వ ఆయతులో ఒక ఉపమానం ఉంది. కష్టపడి వడికిన నూలును తన చేతులతోనే ముక్కలు చేసుకున్న స్త్రీ లాంటివారు కావద్దని, ప్రమాణాలను మోసానికి సాధనంగా వాడుకోవద్దని అక్కడ అల్లాహ్ బోధిస్తున్నాడు. నేత పని తెలిసిన మన ప్రాంతాల వారికి ఆ నష్టం ఎంతటిదో విడమరచి చెప్పనక్కరలేదు.

“ఎదుటివారు ముస్లిములు కారు కదా, వారికిచ్చిన మాటకు అంత విలువ ఎందుకు?” అని ఎవరైనా అనుకుంటే, వారు బద్ర్ యుద్ధాన్ని గుర్తుచేసుకోవాలి. హజ్రత్ హుజైఫా (రజి), ఆయన తండ్రి మదీనాకు వస్తుండగా ఖురైషులు పట్టుకున్నారు. దైవప్రవక్త (స) పక్షాన యుద్ధం చేయబోమని మాట తీసుకుని వదిలేశారు. అప్పుడు ముస్లిముల సంఖ్య సుమారు 313, శత్రువులు దాదాపు వెయ్యి మంది. ఒక్క మనిషి తోడైనా ఎంతో బలం. అయినా దైవప్రవక్త (స) ఆ ఇద్దరినీ యుద్ధంలో చేర్చుకోలేదు. ఇచ్చిన మాట నిలబెట్టుకోండని, సహాయం అల్లాహ్‌ను అర్థిద్దామని చెప్పి పంపించారు. ఈ సంఘటన సహీహ్ ముస్లింలో ఉంది. యుద్ధానికి దిగిన శత్రువుకిచ్చిన మాటకే అంత విలువ ఉంటే, మనకు ఆశ్రయమిచ్చి, ఉపాధి కల్పించి, హక్కులిచ్చిన ప్రజలకిచ్చే మాటకు ఎంత విలువ ఉండాలో ఆలోచించండి.

నజాషీ రాజ్యంలో సహాబాలు

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. ముస్లిమేతర దేశ పౌరసత్వం స్వీకరించడంపై ధర్మవేత్తల్లో చర్చ జరిగింది. కొందరు వద్దన్నారు. ధర్మాన్ని స్వేచ్ఛగా ఆచరించే వీలున్నచోట, సంతానం విశ్వాసం భద్రంగా ఉండేచోట స్వీకరించవచ్చని అనేకులు అభిప్రాయపడ్డారు. ఈ విషయంలో మనకు వెలుగునిచ్చే ఉదాహరణ దైవప్రవక్త (స) కాలంలోనే ఉంది.

క్రీ.శ. 615లో మక్కా హింసలను తట్టుకోలేక కొందరు సహాబాలు హబషా (అబిసీనియా) దేశానికి హిజ్రత్ చేశారు. అక్కడి రాజు నజాషీ అప్పటికి క్రైస్తవుడు. అతని రాజ్యంలో ఎవరికీ అన్యాయం జరగదని చెప్పి వారిని పంపింది స్వయంగా దైవప్రవక్తే (స). హజ్రత్ జాఫర్ (రజి), ఆయన సహచరులు క్రీ.శ. 628 వరకు అక్కడే ఉన్నారు.

ఆ రోజుల్లో ఒక తిరుగుబాటుదారుడు నజాషీపై దండెత్తాడు. హజ్రత్ ఉమ్మె సలమా (రజి) కథనం ప్రకారం, ముస్లిములు తీవ్రంగా కలత చెందారు. నజాషీ విజయం కోసం అల్లాహ్‌ను వేడుకున్నారు. యుద్ధం జరిగేది నైలు నదికి అవతల. అక్కడి కబురు తెచ్చేందుకు యువకుడైన హజ్రత్ జుబైర్ (రజి) గాలి నింపిన తోలుతిత్తి సాయంతో నది ఈదారు. నజాషీ గెలిచాడని తెలిసినప్పుడు వారి ఆనందానికి అవధుల్లేవు.

వారు నమాజు వదల్లేదు, తమ విశ్వాసాన్ని దాచలేదు. రాజు కొలువులోనే ఈసా (అ) గురించి తమ విశ్వాసాన్ని ఉన్నదున్నట్లు చెప్పారు. అదే సమయంలో, ఆశ్రయమిచ్చిన దేశం మేలును తమ మేలుగా భావించారు. ఈ రెండూ ఒకే హృదయంలో ఇమిడాయి. పౌరుడైన ముస్లిం ఎలా ఉండాలో దీనికి మించిన పాఠం ఏముంది?

విధేయతకు హద్దు ఉంది

సృష్టికర్తకు అవిధేయత చూపే విషయంలో ఏ సృష్టికీ విధేయత లేదన్నది ఇస్లాం సూత్రం. ఇది అమెరికాలోనే కాదు, భారతదేశంలోనూ, ముస్లిం పాలకుడి కిందా వర్తిస్తుంది. కాబట్టి ప్రమాణంలో ఏదైనా మాట మనస్సాక్షికి బరువనిపిస్తే, పైకి పలికి లోపల కాదనుకోవడం పరిష్కారం కాదు. బహిరంగంగా చెప్పాలి. అందుకు ఆ చట్టంలోనే దారి ఉంది. మతవిశ్వాసం కారణంగా ఆయుధం పట్టడాన్నే వ్యతిరేకించేవారు ఆధారాలతో అభ్యర్థిస్తే, ఆ వాక్యాలు లేకుండా ప్రమాణం చేసే వీలుంది. ఇంకా సందేహం తీరనివారు ధర్మజ్ఞానం గల పండితులను సంప్రదించాలి. అప్పటికీ మనసు ఒప్పుకోకపోతే శాశ్వత నివాసిగానే ఉండిపోవచ్చు, పౌరసత్వం తీసుకోవాలని ఎవరూ బలవంతపెట్టరు. అబద్ధపు ప్రమాణం కంటే ప్రమాణం చేయకపోవడమే మేలు.

అబద్ధంతో వచ్చేది నిలవదు

మన సమాజంలో ఒక చెడు అలవాటు వ్యాపిస్తోంది. కాగితాల కోసం ఉత్తుత్తి పెళ్ళిళ్ళు చేసుకోవడం, దరఖాస్తులో నిజాలు దాచడం, ఆదాయం తక్కువ చూపించడం వంటివాటిని తెలివితేటలుగా చెప్పుకుంటున్నారు. నికాహ్ అల్లాహ్ పేరుతో జరిగే పవిత్ర ఒప్పందం. దాన్ని వీసా సాధనంగా మార్చడం నికాహ్‌ను అపహాస్యం చేయడమే. వలస చట్టం నుంచి తప్పించుకునేందుకు చేసుకునే పెళ్ళికి అమెరికాలో 5 సంవత్సరాల వరకు జైలుశిక్ష, 2,50,000 డాలర్ల వరకు జరిమానా పడవచ్చు. ముఖ్యమైన నిజాన్ని దాచి పొందిన పౌరసత్వాన్ని ఎన్నేళ్ళ తరువాతైనా కోర్టు ద్వారా రద్దు చేసే వీలుంది. మాట్లాడితే అబద్ధం, మాట ఇస్తే తప్పడం, అమానతు అప్పగిస్తే ద్రోహం – ఇవి కపటి లక్షణాలని దైవప్రవక్త (స) హెచ్చరించారు. ఇహలోక శిక్ష తప్పినా ఆ హెచ్చరిక తప్పదు కదా!

పుట్టిన గడ్డ మాటేమిటి?

కొత్త పౌరసత్వం తీసుకున్నవారు గ్రహించవలసిన మరో నిజం ఉంది. భారత రాజ్యాంగం 9వ అధికరణం, 1955 నాటి పౌరసత్వ చట్టం ప్రకారం, స్వచ్ఛందంగా వేరే దేశ పౌరసత్వం పొందినవారికి భారత పౌరసత్వం ఉండదు. భారత పాస్‌పోర్టు తిరిగి అప్పగించాలి. ఓసీఐ కార్డు తీసుకోవచ్చు. ఈ పథకాన్ని 2006 జనవరిలో మన హైదరాబాద్‌లో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లో ప్రారంభించారు. దానితో జీవితాంతం రావచ్చు, పోవచ్చు. ఓటు హక్కు మాత్రం ఉండదు, వ్యవసాయ భూమి కొనే హక్కు ఉండదు. ఊరికి వచ్చినప్పుడు పాత ఓటరు కార్డుతో ఓటు వేయడం, పాత పాస్‌పోర్టుతో ప్రయాణించడం చట్టరీత్యా నేరమే కాదు, అక్కడ చేసిన ప్రమాణానికీ ద్రోహమే. ఇంట్లోని పెద్దలు ఇటువంటి పనులకు సహకరించకూడదు. “జాబితాలో నీ పేరింకా ఉంది, వేసెయ్ బేటా” అనడం ప్రేమ కాదు.

అయితే పాస్‌పోర్టు మారినంత మాత్రాన పుట్టిన ఊరిపై ప్రేమ మారనక్కరలేదు. మక్కా విడిచి వెళుతూ దైవప్రవక్త (స) ఆ నగరం తనకు ఎంత ప్రియమైనదో చెప్పుకున్నారు. మదీనా చేరిన తొలి రోజుల్లో హజ్రత్ బిలాల్ (రజి) జ్వరంతో పడి మక్కా కొండలోయలను తలచుకుని బాధపడ్డారు. దైవప్రవక్త (స) ఆయన్ని మందలించలేదు. మక్కాను ప్రేమించినట్లు, లేదా అంతకంటే ఎక్కువగా మదీనాను ప్రేమించే హృదయాన్ని ఇమ్మని అల్లాహ్‌ను వేడుకున్నారు.

తల్లిదండ్రుల హక్కు ఏ పాస్‌పోర్టుతోనూ రద్దు కాదు. 21 ఏళ్ళు నిండిన అమెరికా పౌరులు తమ తల్లిదండ్రులను శాశ్వత నివాసం కోసం పిలిపించుకోవచ్చు, దీనికి ఏటా ఇంతమందికేనన్న పరిమితి లేదు. పౌరసత్వంలో ఉన్న పెద్ద మేలు ఇది. కాని ముసలితనంలో తమ ఇల్లు, తమ మస్జిదు, తమ వీధి విడిచి రాలేనివారు ఉంటారు. అలాంటప్పుడు డబ్బు పంపితే బాధ్యత తీరిందనుకోకండి. మీరే రండి, వారి దగ్గర కూర్చోండి.

ముహాజిర్ ఒకనాటికి అన్సార్ కావాలి

ఈ భాగ్యం అందరికీ దక్కింది కాదు. 1923లో అమెరికా సుప్రీంకోర్టు భగత్ సింగ్ థిండ్ కేసులో భారతీయులు తెల్లజాతివారు కారని, పౌరసత్వానికి అనర్హులని తీర్పు చెప్పింది. 1942లో మిషిగన్‌లో యెమెన్‌కు చెందిన అహ్మద్ హసన్ దరఖాస్తును కోర్టు తోసిపుచ్చింది. 1946 చట్టంతో భారతీయులకు తలుపు తెరుచుకుంది. 1964లో హైదరాబాద్‌లో పుట్టి, నాలుగేళ్ళ వయసులో అమెరికా వెళ్ళిన గజాలా హష్మీ 2025 నవంబరులో వర్జీనియా రాష్ట్ర లెఫ్టినెంట్ గవర్నర్‌గా ఎన్నికయ్యారు. ఒకప్పుడు మూసిన తలుపు ఎంతవరకు తెరుచుకుందో చూడండి. ఈ అనుగ్రహానికి కృతజ్ఞత ఎలా తెలపాలి?

మదీనాలో హజ్రత్ సాద్ బిన్ రబీ (రజి) తన ఆస్తిలో సగం ఇస్తానన్నారు. ముహాజిర్ అయిన హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) ఆయన కోసం దుఆ చేసి, బజారుకు దారి చూపమన్నారు. నెయ్యి, జున్నుతో వ్యాపారం మొదలుపెట్టి, తరువాత మదీనాలో గొప్ప దాతలలో ఒకరయ్యారు. కొత్త పౌరుడి మార్గం ఇదే. తీసుకునే చేయిగా వచ్చి, ఇచ్చే చేయిగా మారాలి. పన్ను నిజాయితీగా కట్టండి. ఓటును పలువురు ధర్మవేత్తలు సాక్ష్యంతో పోల్చారు, కనుక న్యాయంగా వేయండి. జ్యూరీలో కూర్చోమని పిలుపు వస్తే, తనవారికి వ్యతిరేకమైనా న్యాయానికే సాక్షిగా నిలబడమన్న అన్ నిసా సూరా 135వ ఆయతును గుర్తుచేసుకోండి. పొరుగింటివాడు ఏ మతస్థుడైనా అతని హక్కు నెరవేర్చండి. నిన్ననే విమానం దిగిన కొత్త విద్యార్థికి, భాష రాని శరణార్థికి మీరే అన్సార్ కండి.

చివరగా ఒక్క మాట. ఏ దేశ పౌరసత్వమూ సమాధిలో పనికిరాదు. అక్కడ పాస్‌పోర్టు రంగు అడగరు, ఇచ్చిన మాట నిలబెట్టుకున్నావా అని అడుగుతారు. కుడిచేయి ఎత్తే ముందు మన పిల్లలు దీన్ని గుర్తుంచుకోవాలి. ఫోనులో ముబారక్ చెప్పే ముందు మనం వారికి గుర్తుచేయాలి.

ఓ అల్లాహ్! దూరదేశాల్లో ఉన్న మా సంతానం విశ్వాసాన్ని కాపాడు. వారి మాటను సత్యం చేయి. వారిని ఉన్నచోట మేలు చేసేవారిగా, కన్నవారికి కంటిచలువగా చేయి. ఆమీన్.